ఒక కట్ట బీడీల సేపు

యూట్యూబ్‌లో 'సర్వపిండి' అని కొట్టి చూడండి. వరసగా వీడియోలు వస్తాయి. రెండు కప్పుల బియ్యప్పిండి, గుప్పెడు శనగపప్పు, సన్న మంట మీద పన్నెండు నిమిషాలు, అయిపోయింది. నేనూ చూస్తుంటాను. చాలామంది బాగానే చేస్తారు. కానీ ఆ 'పన్నెండు నిమిషాలు' అన్న మాట వినగానే నాకు నవ్వొస్తుంది. ఎందుకంటే మా ఇంట్లో సర్వపిండి కాలే సేపును నిమిషాల్లోకి మార్చింది నేనే. అప్పుడు నాకు పదేళ్లు. అంతకుముందు దాని లెక్క వేరే ఉండేది.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. సర్వ అంటే గుండ్రటి అడుగు, కాస్త లోతు ఉన్న గిన్నె. బియ్యప్పిండి ముద్దను ఆ గిన్నె లోపల అడుగునుంచి అంచుల దాకా పల్చగా ఒత్తి, మూతపెట్టి కాలుస్తారు. అందుకే సర్వపిండి. కొన్ని ఊళ్లలో సర్వప్ప అంటారు, కొన్నిచోట్ల గిన్నెప్ప. ఆంధ్ర వైపు తపాలచెక్క. ఎటు పోయినా పేరు మాత్రం గిన్నెదే. లోపల వేసే నువ్వులు, పల్లీలు, కల్యామాకు... పాపం వాటిలో దేనికీ పేరు దక్కలేదు. పెనం అక్కర్లేదు, కర్ర అక్కర్లేదు, నూనె నాలుగు చెంచాలు చాలు. ఒక్క గిన్నె, ఒక్క మూత ఉంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. చల్లారినా తినొచ్చు. పొలానికి మూట కట్టుకుని పోవచ్చు. లేనితనంలోంచి పుట్టిన తిండి అని నా అనుమానం.

మాది జగిత్యాల వైపు ఒక ఊరు. మా దిక్కు ఇళ్లలో రెండు మాటలు ఎప్పుడూ వినపడుతుంటాయి. ఒకటి బీడీ, రెండోది దుబాయి. ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తారు, మగవాళ్లు దుబాయి పోతారు. సౌదీ పోయినా, ఖతర్ పోయినా, మస్కట్ పోయినా ఊళ్లో దాన్ని దుబాయి అనే అంటారు. మా బాపు 2011లో అలాగే 'దుబాయి' పోయాడు. నిజానికి పోయింది సౌదీకి, రియాద్ దగ్గర షట్టరింగ్ పనికి. ఇంట్లో మిగిలింది అమ్మ, బాపమ్మ, నేను. అమ్మకు రోజుకు వెయ్యి బీడీల లెక్క. వెయ్యి చేసి కార్ఖానాలో అప్పజెప్పాలంటే పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా చాట దిగేది కాదు. కాబట్టి వంట బాపమ్మది. బాపమ్మ కళ్లలో శుక్లాలు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కన్ను అలాగే ఉంది. కాబట్టి చూపు నాది.

నేను వంట నేర్చుకున్నది అలా. ఎవరూ కూర్చోబెట్టి 'ఇవాళ్టి నుంచి నేర్పుతా' అనలేదు. బడి నుంచి రాగానే 'బిడ్డా, ఈ నువ్వులల్ల రాళ్లున్నయేమో సూడు' అనేది. అది అయ్యాక శనగపప్పు నానిందో లేదో గోటితో నొక్కి చెప్పమనేది. పల్లీలు వేయించి పొట్టు ఊదాక కచ్చాపచ్చాగా దంచడం నా పని. పిండి కలపడం మాత్రం చాలా రోజులు ముట్టుకోనివ్వలేదు. పిండి గిర్నీలో పట్టించినది. అందులో నువ్వులు, పల్లీలు, నానిన పప్పు, జీలకర్ర, తుంచిన కల్యామాకు, తరిగిన ఉల్లిగడ్డ, దంచిన ఎల్లిపాయ, కారం, ఉప్పు. సొరకాయ దొరికితే తురిమి వేసేది. అప్పుడు నీళ్లు తక్కువ పడతాయి, పిండి మెత్తగా ఉంటుంది. నీళ్లు గోరువెచ్చగా ఉండాలనేది. ఎందుకో అప్పుడు తెలియదు. గోధుమపిండికుండే సాగే గుణం బియ్యప్పిండికి లేదు, వేడినీళ్లు పడితేనే కాస్త జిగురొచ్చి పగలకుండా ఉంటుందని కాలేజీకి వచ్చాక అర్థమైంది. బాపమ్మ మాత్రం 'సల్లనీళ్లకు పిండి అలుగుతది' అని ఒక్క ముక్కలో తేల్చేసేది.

అసలు విద్య ఒత్తడంలో ఉంది. సర్వకు నూనె రాసి, ముద్దను నడిమధ్యన పెట్టి, తడిచేత్తో బయటికి జరుపుతూ పోవాలి. ఎవరైనా మొదట చెయ్యి తిప్పుతారు. అప్పుడు ఒకవైపు మందం, ఒకవైపు పలుచన అవుతుంది. 'చెయ్యి తిప్పకు బిడ్డా, సర్వను తిప్పు' అనేది. చెయ్యి ఒకచోటే ఉండాలి, గిన్నె దాని కింద తిరగాలి. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత మందమో అంత. తర్వాత వేలితో బొక్కలు పెట్టాలి. ఆ బొక్కల్లో తలా ఒక చుక్క నూనె వేస్తే అడుగుకు దిగుతుంది, ఆవిరి పైకి వస్తుంది. బాపమ్మ అయిదు పెట్టేది. నా వేళ్లు సన్నగా ఉండి నేను పెట్టిన బొక్కలు కాలేటప్పుడు పూడుకుపోతాయని నాకు తొమ్మిది పెట్టమని చెప్పింది. ఇప్పటికీ తొమ్మిదే పెడతాను. వేళ్లు పెద్దవయ్యాయి కానీ అలవాటు పోలేదు.

మూత పెట్టాక ఇక బాపమ్మ చెవి పని. మొదట సుర్రుమని గట్టిగా సప్పుడు వస్తుంది. లోపల తడి ఉన్నంతసేపూ అదే సప్పుడు. తడి తగ్గేకొద్దీ సన్నబడుతుంది. బాగా సన్నబడి, అక్కడక్కడా చిట్‌మన్నప్పుడు మూత తీయాలి. అప్పుడు నా కళ్ల పని. 'ఏం రంగచ్చింది?' అని అడిగేది. ఎర్రగా అంటే ఒప్పుకునేది కాదు. ఎరుపుల్లో వంద ఎరుపులు. 'బీడీ రంగచ్చిందా?' అనేది. ఎండిన తునికాకు చుట్టి, దారం కట్టాక బీడీకి ఒక రంగు ఉంటుంది చూడండి, అది. మా ఇంట్లో ఎవరికీ ఆ రంగు గురించి రెండోసారి చెప్పాల్సిన పని లేదు. అంచు ఎత్తి చూసి 'అచ్చింది బాపమ్మా' అంటే దించేసేది.

సేపు లెక్క కూడా బీడీలదే. మూత పెట్టగానే అమ్మకు వినపడేలా 'పెట్టిన్నే' అని అరిచేది. అమ్మ అప్పుడు కొత్త కట్ట మొదలుపెట్టేది. కట్టకు 25 బీడీలు. కట్ట అయిపోగానే అమ్మ 'అయింది' అనేది. కట్ట అయ్యేసరికి సర్వపిండి అయ్యేది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే పని చేసుకునేవాళ్లు. అత్తాకోడళ్ల మధ్య మాటలు తక్కువున్న రోజుల్లో కూడా ఆ 'పెట్టిన్నే', 'అయింది' మాత్రం ఆగలేదు.

ఇంతవరకైతే ఇది చాలా ఇళ్లలో ఉండే కథే. మా ఇంట్లో అది వేరే దారి పట్టింది ఒక పార్శిల్ వల్ల.

గల్ఫ్ ఊళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఇది తెలుసు. ఎవరైనా చుట్టీ మీద వచ్చి తిరిగి పోతుంటే ఊళ్లో సగం ఇళ్లు వాళ్ల దగ్గరికి మూటలు పట్టుకుని పోతాయి. మామిడి తొక్కు, సకినాలు, కారప్పొడి, మందుగోలీలు. సకినాలైతే నెల ఉన్నా ఏం కావు. బాపమ్మ ఒకసారి, 2014లో, ఆరు సర్వపిండ్లు కాల్చి కాగితంలో చుట్టి పంపింది. సర్వపిండిలో ఉల్లిగడ్డ ఉంటుంది, తడి ఉంటుంది. రెండో రోజు దాటితే నమ్మలేం. అది హైదరాబాద్ పోయి, విమానమెక్కి, అక్కడ ఇంకో క్యాంపులో దిగి, బాపు చేతికి అందేసరికి అయిదో రోజు. ఆ శుక్రవారం ఫోన్‌లో బాపమ్మ 'ఎట్లున్నయిరా?' అని అడిగింది. బాపు కాసేపు ఆగి, 'అంచులు తిన్ననవ్వా. మంచిగున్నయి' అన్నాడు.

అంచులు తిన్నాడంటే నడిమి భాగం పాడైందని బాపమ్మకు వెంటనే అర్థమైంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అమ్మతో అన్నది, 'గింత దూరం పంపుడు కాదు. వాని చేతులకే నేర్పాలె.'

మీకు నవ్వు రావచ్చు కానీ మా ఊళ్లో అప్పటికి అది చిన్న మాట కాదు. మా బాపు ఊళ్లో ఉన్నన్నాళ్లూ మంచినీళ్లు కూడా ముంచుకుని తాగి ఎరగడు. అక్కడికి పోయాక రూమ్‌లో ఎనిమిది మంది వంతులేసుకుని వండుకుంటుంటే అన్నం, పప్పు, టమాట, కోడిగుడ్డు దాకా వచ్చింది. అంతకుమించి రాలేదు. పక్కింటి ఆమె 'మొగోనికి సర్వపిండి నేర్పుతవా ఫోన్ల?' అని నవ్వింది. బాపమ్మ 'ఆకలికి ఆడ మొగ ఉంటదా?' అని లోపలికి వచ్చేసింది.

అప్పట్లో మాకు చిన్న నోకియా ఫోన్ ఉండేది. దాన్ని స్పీకర్‌లో పెట్టి బియ్యం డబ్బా మీద నిలబెట్టేదాన్ని. సౌదీ కంటే మనం రెండున్నర గంటలు ముందు. శుక్రవారం అక్కడ సెలవు. వాళ్లకు సాయంత్రం నాలుగు, మాకు ఆరున్నర. బాపమ్మ గొంతు సౌదీ దాకా తనే విసరాలన్నట్టు గట్టిగా మాట్లాడేది.

'పిండి తడుపురా.'

'ఎన్ని నీళ్లు పొయ్యాలె?'

'పిండి అడిగినన్ని.'

అటువైపు నిశ్శబ్దం. పిండి తనను ఏమీ అడగడం లేదని బాపు బాధ. ఫోన్‌లో నిమిషాలు అయిపోతున్నాయి. మళ్లీ బాపమ్మ, 'చెయ్యికి అంటుకోవద్దు, ఇడువద్దు, గట్లుండాలె.' మళ్లీ నిశ్శబ్దం.

అక్కడ నేను దూరాను. ఆ వారమంతా బాపమ్మ చేస్తుంటే స్టీలు గ్లాసుతో కొలిచి నోటుబుక్కు వెనక రాసుకున్నాను. ఎవరూ చెప్పలేదు. లెక్కల టీచర్ కొలతల పాఠం చెప్తున్న రోజులు, ఇంట్లో కొలవడానికి దొరికింది అదొక్కటే. 'బాపూ, రెండు గ్లాసుల పిండికి ముప్పావు గ్లాసు నీళ్లు. ఒకేసారి పొయ్యకు. మిగిలింది కొంచెం కొంచెం' అన్నాను. బాపు 'ఆ, గట్ల చెప్పు బిడ్డా' అన్నాడు. బాపమ్మకు అది నచ్చినట్టు లేదు. కానీ అప్పటినుంచి ఆమె చెప్పడం, నేను దాన్ని గ్లాసుల్లోకి, చెంచాల్లోకి మార్చడం, అలా ఇద్దరం కలిసి ఒక మాట పంపేవాళ్లం. తెలుగునుంచి తెలుగులోకే అనువాదం.

'ఎంతసేపు ఉంచాలె?' అని బాపు అడిగినప్పుడు బాపమ్మ 'ఒక కట్ట' అన్నది. బాపుకు ఆ కట్ట తెలుసు, పెరిగింది ఆ ఇంట్లోనే కదా. కానీ అక్కడ కట్ట చుట్టేదెవరు? నేను గోడ గడియారం ముందు కూర్చుని అమ్మ కట్టలు మూడు చూశాను. పన్నెండున్నర, పదమూడు, పదమూడు. 'పదమూడు నిమిషాలు బాపూ' అని చెప్పాను. మొదట్లో చెప్పింది ఈ లెక్క గురించే.

మొదటి వారం బాపు చేసింది ముక్కలు ముక్కలైంది. పిండి గిర్నీది కాదు, అక్కడ మలయాళీ దుకాణంలో దొరికిన పుట్టు పొడి. అది వేయించిన పిండి, రవ్వరవ్వగా ఉంటుంది. బాపమ్మ ఆ సంగతి ఫోన్‌లోనే పట్టేసింది. 'పిండి ఇసుక లెక్క జారుతున్నదా? అయితే మసిలే నీళ్లు పోసి, మూతపెట్టి ఇడిసిపెట్టు. సల్లారినంక పిసుకు' అన్నది. పుట్టు అంటే ఏంటో ఆమెకు తెలియదు. పిండి తెలుసు.

రెండో వారం మొదటిది బాగానే వచ్చింది, రెండోది పాడైంది. వేడి గిన్నెలోనే మళ్లీ ఒత్తబోయాడు. బాపమ్మ పగలబడి నవ్వింది. 'వేడి సర్వకు పిండి అంటదురా, చెయ్యి అంటుతది' అన్నది. ఇది వీడియోల్లో ఎక్కువమంది చెప్పరు కానీ సర్వపిండికి అసలు చిక్కు ఇదే. ఒకటి దించాక గిన్నె పూర్తిగా చల్లారాలి. అందుకే మా ఇంట్లో రెండు గిన్నెలుండేవి. బాపమ్మ పెళ్లినాటి ఇత్తడి సర్వ ఒకటి, సిల్వర్‌ది ఒకటి. ఒకటి పొయ్యి మీద ఉంటే ఇంకొకటి నీళ్ల తొట్టి పక్కన చల్లారుతూ ఉండేది.

నాలుగో వారమో అయిదో వారమో బాపు ఫోన్‌లోనే మూత తీసి, 'అవ్వా, బీడీ రంగచ్చింది' అన్నాడు. అమ్మ చేతిలో బీడీ ఆగిపోయింది. బాపమ్మ మాత్రం 'అంచు ఇడిసిందా? ఇడిసినంకనే తియ్యి, తొందరపడకు' అని తన లోకంలో తను ఉంది.

నేను చెప్పాలనుకున్నది నిజానికి సర్వపిండి గురించి కాదు, ఆ పదమూడు నిమిషాల గురించి. ఈ పాఠాలకు ముందు బాపు ఫోన్ ఎలా ఉండేదో చెప్తాను. 'బువ్వ తిన్నవా కొడుకా?' 'తిన్న.' 'పానం మంచిగున్నదా?' 'ఉన్నది.' 'పైసలు అచ్చినయి.' 'ఆ.' తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియదు. బాపు మాటల మనిషి కాదు, బాపమ్మ కొడుకు దగ్గర బాధ చెప్పుకునే మనిషి కాదు. రెండు నిమిషాల్లో ఫోన్ నా చేతికి వచ్చేది. సర్వపిండి మొదలయ్యాక అలా కాలేదు. మూత పెట్టాక పదమూడు నిమిషాలు ఇటు ఖాళీ, అటు ఖాళీ. ఫోన్ పెట్టేయడానికి లేదు, రంగు చూడాలి కదా. ఏదో ఒకటి మాట్లాడాల్సిందే.

ఆ పదమూడు నిమిషాల్లోనే బాపు పని చేసే బిల్డింగు ఎన్ని అంతస్తులో మాకు తెలిసింది. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు మిత్తి ఇంకా తీరలేదని తెలిసింది. పక్క మంచం సిరిసిల్ల ఆయన పరంజా మీదనుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడని ఒకసారి చెప్పాడు. చెప్పాక వెంటనే 'సప్పుడు సన్నబడుతున్నదవ్వా' అని మాట మార్చాడు. బాపమ్మ కూడా మేమెప్పుడూ వినని సంగతులు చెప్పేది. తన చిన్నప్పుడు నూకలు ఇసుర్రాయిలో విసిరి ఉప్పూ కారంతో ఉత్తదే కాల్చుకునేవాళ్లమని, నూనె చాలక సర్వకు పాత గుడ్డతో తుడిచినట్టు రాసేవాళ్లమని. ఒకరోజు తాత పోయిన రాత్రి గురించి చెప్పింది. అమ్మ బీడీలు చుడుతూ అన్నీ వినేది, ఒక్క మాట మాట్లాడేది కాదు. కట్ట అయిపోగానే 'అయింది' అనేది. ఆ ఒక్క మాట కోసం బాపు అటువైపు ఎదురుచూసేవాడని నాకు పెద్దయ్యాక తట్టింది. అత్త ఎదురుగా మొగుడితో ఫోన్‌లో మాట్లాడలేని కోడలు, పెద్దగా అనగలిగే ఒకే మాట అది. పదమూడు నిమిషాలని నేను చెప్పాక కూడా బాపు గడియారం చూసుకునేవాడు కాదు.

2016లో పరిస్థితి మారింది. ఆ ఏడాది సౌదీలో జీతాలు ఆగిపోయి వేలమంది మన కార్మికులు తిండికి కూడా ఇబ్బంది పడ్డారు. అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ కలగజేసుకున్నారు, జెడ్డాలో భారత కాన్సులేట్ నుంచి తిండి సరుకులు పంచారు. టీవీల్లో వచ్చింది. బాపు ఉన్నది వేరేచోట, వేరే కంపెనీలో, కానీ కథ అదే. నెలల తరబడి జీతం లేదు. కంపెనీ ఇకామా రెన్యువల్ చేయించలేదు. ఇకామా లేకపోతే బయట తిరగడానికి లేదు, పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి ఇంటికి రావడానికీ లేదు. క్యాంపులో బియ్యం బస్తాలు మాత్రం కొన్ని మిగిలాయి.

ఆ శుక్రవారాల్లో బాపమ్మ నేర్పింది వేరే సర్వపిండి. పుట్టు పొడి కొనే పైసల్లేవు. బియ్యం నానబెట్టి, గుడ్డ మీద ఆరబోసి, చెమ్మ ఉండగానే మిక్సీలో పట్టమన్నది. శనగపప్పు లేదు, పల్లీలు లేవు, నువ్వులు లేవు. ఉల్లిగడ్డ ఉంటే ఉల్లిగడ్డ, కారం, ఉప్పు. 'నేను గదే తిని పెరిగిన. నువ్వు బతుకుతవు పో' అన్నది. బాపు ఆ గిన్నెతో రూమ్‌లో అందరికీ కాల్చిపెట్టాడు. తెలుగువాళ్లు, బిహార్ వాళ్లు, ఒక నేపాల్ అబ్బాయి. రొట్టె లాంటిది, అన్నం లాంటిది, కానీ రెండూ కాదని వాళ్లు అనేవాళ్లట. అన్నం, ఉప్పు తిని తిని విసిగిపోయిన నోళ్లకు కరకరలాడే అంచు దొరకడమే పండగ అని బాపు తర్వాత చెప్పాడు.

ఆ ఏడాదే నవంబర్‌లో బాపమ్మ పోయింది. పాత నోట్లు రద్దయిన రోజులు. చేతిలో ఉన్న కాస్త డబ్బు కూడా చెల్లని సమయం. బాపు రాలేదు, రాలేడని అందరికీ తెలుసు. తలకొరివి చిన్నబాపు పెట్టాడు. బాపు ఫోన్‌లో వింటూ ఉన్నాడు. స్పీకర్ పెట్టమని అడిగాడు కానీ అటునుంచి ఏ సప్పుడూ రాలేదు.

'బలగం' సినిమా చూసినవాళ్లకు పిట్టకు పెట్టుడంటే ఏంటో నేను వివరించక్కర్లేదు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెట్టాలి, పిట్ట వచ్చి ముట్టాలి. బాపమ్మకు సర్వపిండి పెట్టాలని అందరూ అన్నారు. చేయడం నా వంతు వచ్చింది. పన్నెండేళ్లు నాకు. పెద్దమ్మలు, అత్తమ్మలు అందరూ ఉన్నారు. అయినా అమ్మ 'అది చేస్తది' అని సర్వ నా ముందు పెట్టింది. ఇంట్లో ఆ రోజుల్లో చాట తీయలేదు కాబట్టి కట్ట లేదు. గడియారం వైపు చూడబుద్ధి కాలేదు. మూత పెట్టి చెవి దగ్గరగా ఉంచి కూర్చున్నాను. సుర్రుమన్నది, సన్నబడింది, చిట్‌మన్నది. తీసి చూస్తే బీడీ రంగు.

పిట్ట వచ్చింది. ముందు మటన్ ముక్క ఎత్తుకుపోయింది. చిన్నబాపు 'అవ్వకు సర్వపిండి కంటే మటనే ఇష్టముండెనేమో' అన్నాడు. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. రెండోసారి వచ్చి సర్వపిండి అంచు తుంచుకుపోయింది. ఆ రోజే బాపు అక్కడ క్యాంపు డాబా మీద ఒకటి కాల్చి పెట్టాడట. కాకి కోసం చూశాడు. కాకి రాలేదు. పావురాలు వచ్చి తిన్నాయని చెప్పాడు. 'పావురం కూడా పిట్టనే కద బిడ్డా?' అని అడిగాడు. 'పిట్టనే బాపూ' అన్నాను.

2017లో సౌదీ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటిస్తే బాపు ఇంటికి వచ్చాడు. ఆరేళ్ల తర్వాత. దుబాయి నుంచి వచ్చేవాళ్ల దగ్గర సెంటు సీసాలు, దుప్పట్లు ఉంటాయి. బాపు సంచీలో రెండు జతల బట్టలు, నల్లగా మాడిన అడుగుతో ఒక సిల్వర్ గిన్నె ఉన్నాయి. 'ఇదేం తెచ్చిండు' అన్నట్టు చుట్టాలు చూశారు. బాపు దాన్ని వంటింట్లోకి తీసుకెళ్లి బాపమ్మ ఇత్తడి సర్వ పక్కన బోర్లించాడు.

మరి తండ్రీకూతుళ్లం కలిసి ఆనందంగా వండుకున్నాం అనుకుంటున్నారేమో, లేదు. చాలా గొడవలు పడ్డాం. బాపుకు మలయాళీ దోస్తుల దగ్గర కొబ్బరి ముక్కలు వేయడం అలవాటైంది. ఉల్లిగడ్డ కుప్పలు కుప్పలు పోస్తాడు. మందంగా ఒత్తుతాడు. 'బాపమ్మ ఇట్ల చేసిందా?' అని నేను. 'మా అవ్వ నాకు నేర్పిందా, నీకు నేర్పిందా?' అని బాపు. ఇద్దరికీ నేర్పింది, అదే సమస్య. మా ఇద్దరి దగ్గర ఉన్నవి రెండు వేరే సర్వపిండ్లు. నాది ఆమె చేతులు చూసి నేర్చుకున్నది, ఆయనది ఆమె గొంతు విని నేర్చుకున్నది. నాకు నా పద్ధతే సరైనదనిపిస్తుంది, కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. సప్పుడు పట్టడంలో బాపు నాకంటే ముందున్నాడు. నేను ఇంకా మూత తీసి చూస్తాను. ఆయన చూడడు.

నేనిప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. రూమ్‌లో ఇండక్షన్ స్టవ్. దాని మీద ఇత్తడి వేడెక్కదు, సిల్వర్ వేడెక్కదు, పైగా సర్వ అడుగు గుండ్రం కాబట్టి నిలబడదు. ఇనుప పెనం మీద చపాతీలా ఒత్తి మూతపెట్టి కాలుస్తున్నాను. తినడానికి బాగానే ఉంటుంది. దాన్ని సర్వపిండి అనొచ్చా అని మాత్రం అడక్కండి. అసలైనది కావాలంటే ఊరికి పోవాల్సిందే.

మొన్న దసరాకు పోయాను. బాపు తన గిన్నెలో, నేను బాపమ్మ సర్వలో చెరొకటి ఒత్తాం. అమ్మ వరండాలో చాట పెట్టుకుని ఉంది. ఇప్పుడు వెయ్యి చేయడం లేదు, మెడ నొప్పి, వేళ్లు కూడా ముందులా తిరగడం లేదు. బాపు 'పెట్టిన్నే' అని అరిచాడు. అమ్మ కట్ట మొదలుపెట్టింది. సగం దాటగానే నాకు మాడు వాసన అనుమానం వచ్చి ఫోన్‌లో టైమ్ చూశాను. అమ్మ కట్ట ఇప్పుడు పదిహేడు నిమిషాలు పడుతోంది. బాపుకు ఆ సంగతి ఎప్పుడో తెలుసట. అమ్మకు చెప్పలేదు. లెక్క తనే మార్చుకున్నాడు. పందొమ్మిదో బీడీ దగ్గర చప్పుడు చేయకుండా మూత తీసి, గిన్నె కిందికి దించి, అమ్మ 'అయింది' అనేదాకా పొయ్యి దగ్గరే కూర్చున్నాడు.